ఎలుకల్లో ఫెయిలై కోళ్లలో పాసైన గోలి: అకిరా ఎండో కథ

[దృశ్యం: షాద్‌నగర్ దగ్గర ఒక లేయర్ కోళ్ల ఫారం. కోళ్ల శబ్దం వెనకాల సన్నగా వినిపిస్తూ ఉండాలి.]

నమస్తే. గుండె మందు గురించి చెప్తానని కోళ్ల ఫారానికి తీసుకొచ్చాడేంటి అనుకుంటున్నారా? కొలెస్ట్రాల్ తగ్గించడానికి ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న స్టాటిన్ మందుల్లో మొట్టమొదటిది ఎలుకల మీద పనిచేయలేదు. ఇక దీన్ని పక్కన పడేద్దామని కంపెనీ అనుకుంది. ఆ మందు మళ్లీ లేచి నిలబడింది ఇదిగో, ఇలా గుడ్లు పెట్టే కోళ్ల వల్ల. అది కూడా ఒక బార్‌లో ఇద్దరు మాట్లాడుకున్నందుకు.

మీ ఇంట్లో బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే వాళ్ల మందుల డబ్బా ఒకసారి తెరవండి. అటోర్వాస్టాటిన్ అనో రోసువాస్టాటిన్ అనో రాసున్న షీట్ ఒకటి దొరకొచ్చు. దీన్ని మన దగ్గర చాలామంది "రక్తం పల్చబడే గోలి" అంటారు. అది వేరు. రక్తం గడ్డకట్టకుండా చూసేవి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి. స్టాటిన్ చేసే పని లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని తగ్గించడం. రెండూ కలిపిన క్యాప్సూల్ కూడా దొరుకుతుంది కాబట్టి ఈ గందరగోళం పోవడం కష్టమే.

ఈ మందును మొదట కనిపెట్టిన మనిషి అకిరా ఎండో. జపాన్ వాడు. 2024 జూన్ 5న 90 ఏళ్ల వయసులో చనిపోయాడు. మన టీవీల్లో ఆ వార్త చూసిన గుర్తు నాకైతే లేదు.

[స్క్రీన్ మీద: జపాన్ మ్యాప్. ఉత్తరాన అకిటా ప్రాంతం.]

1933లో అకిటాలో ఒక రైతు ఇంట్లో పుట్టాడు. మంచు బాగా పడే చోటు, కొండలు, వరి పొలాలు. తాతకు వైద్యమన్నా, పుట్టగొడుగులన్నా, బూజులన్నా ఆసక్తి. మనవడికి అదే అంటుకుంది. ఆ ఊళ్ల వైపు ఒక పుట్టగొడుగు ఉండేది. ఈగలు దాని మీద వాలితే చస్తాయి, మనుషులకు ఏమీ కాదు. ఎందుకలా అని హైస్కూల్లో ఉండగానే దాన్ని ఉడకబెట్టి, ఆ నీళ్లతో ఈగల మీద ప్రయోగం చేశాడు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ జీవితం చదివి, నేనూ బూజులోంచి మందు తీస్తానని అప్పుడే అనుకున్నాడట. చిన్నప్పుడు అనుకున్నవి ఎన్ని జరుగుతాయి చెప్పండి! ఈయన విషయంలో జరిగింది.

1957లో సెండాయ్‌లోని తొహోకు యూనివర్సిటీలో చదువు ముగించి సాంక్యో అనే మందుల కంపెనీలో చేరాడు. అక్కడ మొదటి పని గుండెకు సంబంధించింది కాదు. పండ్ల రసంలో గుజ్జు తేలకుండా చేసే ఎంజైమ్‌ను బూజుల్లో వెతకడం. వెతికాడు, దొరికింది, కంపెనీ దాన్ని అమ్ముకుంది. ఈ పనిని చిన్నచూపు చూడొద్దు. వందల బూజులను పెంచి ఒక్కోదాని రసాన్ని ఓపికగా పరీక్షించడం ఎలాగో ఆయన నేర్చుకున్నది ఇక్కడే.

ఆ పనికి మెప్పు వచ్చింది, అమెరికా వెళ్లే అవకాశమూ వచ్చింది. 1966 నుంచి 1968 దాకా న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్‌లో ఉన్నాడు. చేసిన పరిశోధన బ్యాక్టీరియా పైపొరలోని కొవ్వు పదార్థాల మీద. లాబ్‌లో నేర్చుకున్నది ఒకటైతే, వీధిలో చూసింది ఇంకొకటి. ఇంత లావుగా ఉన్న మనుషులను ఆయన అంతకుముందు చూడలేదు. గుండెపోటు వచ్చిన ముసలివాళ్లను తీసుకెళ్లడానికి అంబులెన్స్‌లు తరచూ వచ్చేవి. అప్పట్లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసేది గుండె జబ్బే. రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువైతే ఆ ముప్పు పెరుగుతుందని తెలుసు. దాన్ని గట్టిగా తగ్గించే మంచి మందు మాత్రం లేదు.

[దృశ్యం: వైట్ బోర్డు ముందు.]

ఇక్కడ కాస్త సైన్స్ చెప్పుకోవాలి, ఇది తెలియకపోతే కోళ్ల సంగతి అర్థం కాదు.

కొలెస్ట్రాల్ అంటేనే విషం అన్నట్టు మాట్లాడతారు. అది లేకపోతే మనం లేం. ప్రతి కణం పైపొరలో అది ఉంటుంది. పైత్యరసం దాంతోనే తయారవుతుంది, కొన్ని హార్మోన్లు దాంతోనే, ఎండలో తయారయ్యే విటమిన్ డి కూడా అదే దారిలోంచి వస్తుంది. అందుకే ఒళ్లు తిండి మీద ఆధారపడి కూర్చోదు, తనే తయారు చేసుకుంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో రోజుకు సుమారు ఒక గ్రాము దాకా తయారవుతుంది. లివర్‌కు ఇందులో పెద్ద పాత్ర.

తయారీ దాదాపు 30 మెట్లలో జరుగుతుంది. ఆ దారి కనిపెట్టినందుకే కొన్రాడ్ బ్లాక్, ఫియొడోర్ లినెన్ అనే ఇద్దరికి 1964లో నోబెల్ వచ్చింది. ఇన్ని మెట్లలో వేగాన్ని నిర్ణయించేది మొదట్లోనే వచ్చే ఒక ఎంజైమ్. పేరు హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్. పేరు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లకు ఒక్క మాటలో చెప్తాను: సాగర్ ఎడమ కాలువ తల దగ్గర షట్టర్ దించితే కింద మేజరు, మైనరు కాలువలకు నీళ్లు ఎలా తగ్గిపోతాయో, ఈ ఎంజైమ్‌ను ఆపితే కింది మెట్లన్నీ అలా సన్నబడతాయి.

ఎండో వెతికింది ఈ షట్టర్ దించే పదార్థం కోసం. బూజుల్లోనే ఎందుకు వెతకాలి? ఆయన లెక్క తెలివైనది. బూజులు తమ పక్కన పెరిగే వేరే సూక్ష్మజీవులతో పోటీ పడుతుంటాయి. వాటిలో కొన్నింటికి బతకడానికి ఈ దారిలో తయారయ్యే పదార్థాలే కావాలి. అలాంటప్పుడు శత్రువు దారిని మూసేయడానికి ఏదో ఒక బూజు ఇలాంటి రసాన్ని తయారు చేసుకునే ఉంటుంది. ఉంటుందని రుజువేమీ లేదు, ఊహ మాత్రమే.

1971 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. చిన్న బృందం. రోజూ అదే పని: బూజు పెంచు, రసం తీయి, ఎలుక లివర్ నుంచి తీసిన ఎంజైమ్ మీద పరీక్షించు, పారేయి. రెండేళ్లలో దాదాపు 6,000 రకాల సూక్ష్మజీవులు. మధ్యలో ఒకటి దొరికింది, సిట్రినిన్ అని. కొలెస్ట్రాల్ తగ్గించింది, కిడ్నీలను కూడా దెబ్బతీసింది. అది పక్కకు పోయింది.

[దృశ్యం: మిర్యాలగూడ రైస్ మిల్లు. బస్తాలు, వడ్ల కుప్పలు.]

అసలు సరుకు దొరికింది బియ్యం మీద. క్యోటో నగరంలో ఒక ధాన్యం కొట్టు నుంచి తెచ్చిన బియ్యం నమూనాలో నీలి ఆకుపచ్చ బూజు. పేరు పెనిసిలియం సిట్రినం. మిర్యాలగూడలో ఇన్ని రైస్ మిల్లులున్నాయి, బూజు పట్టిన బియ్యం అంటే ఇక్కడ ఎవరికైనా తెలుసు. బస్తా పక్కకు నెట్టేస్తాం, రేటు పడిపోతుందని టెన్షన్ పడతాం. 1973లో ఎండో బృందం ఆ బూజు రసంలోంచి ఒక పదార్థాన్ని వేరుచేసింది. తర్వాత దానికి కాంపాక్టిన్ అనే పేరు వచ్చింది. ప్రపంచంలో మొదటి స్టాటిన్ అదే.

ఒక మాట చెప్పి ముందుకు పోతాను. దయచేసి ఎవరూ బూజు పట్టిన బియ్యం తినకండి. ఇందాక చెప్పిన కిడ్నీలు చెడగొట్టే సిట్రినిన్‌ను కూడా ఇదే జాతి బూజులు తయారు చేస్తాయి. "సిట్రినం" అనే పేరులోనే ఆ సంగతి ఉంది.

గాజు గొట్టంలో కాంపాక్టిన్ అద్భుతంగా పనిచేసింది. 1974లో ఎలుకలకు తినిపించారు. రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గలేదు. మోతాదు పెంచారు, వారాల తరబడి పెట్టారు. కదల్లేదు. మందుల కంపెనీల్లో ఎలుక మీద పనిచేయకపోతే దాదాపు కథ ముగిసినట్టే. ఎండో మీద నమ్మకం సన్నగిల్లింది.

మరో మనిషైతే ఇక్కడ వేరే పదార్థం వెతకడానికి వెళ్లిపోయేవాడు. ఎండో అడిగిన ప్రశ్న వేరు: తప్పు మందుదా, ఎలుకదా?

ఈ ప్రశ్నకు జవాబు దొరికింది 1976లో, లాబ్ దగ్గరున్న ఒక బార్‌లో. అదే కంపెనీలో వేరే విభాగంలో పనిచేసే నోరితోషి కితానో అనే సహోద్యోగి కలిశాడు. ఆయన ప్రయోగాల కోసం గుడ్లు పెట్టే కోళ్లను పెంచుతున్నాడు. ఆ పని ముగింపుకొచ్చింది, కోళ్లు మిగిలిపోయాయి. ఆ కోళ్లలో కొన్నింటిని నాకు వాడుకోనివ్వు అని ఎండో అడిగాడు.

[దృశ్యం: మళ్లీ ఫారం. యజమానితో మాటలు.]

నేను: కాకా, ఒక కోడి ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుంది?

యజమాని: మంచిగ దాణా పడితే మూడు వందలకు తక్కువ ఉండదు బిడ్డా. ఎండాకాలం జర తగ్గుతది.

నేను: దాణాలో ఏమేం కలుపుతారు?

యజమాని: మక్కలు, సోయా చెక్క, తవుడు, గుడ్డు పెంకు గట్టిగుండాలని సున్నపు రాయి.

ఇప్పుడు ఆయన చెప్పినదాన్ని లెక్కలో పెట్టండి. ఒక గుడ్డు సొనలో దాదాపు 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. మక్కల్లో, సోయాలో కొలెస్ట్రాల్ లేనట్టే. మరి ఆ కొలెస్ట్రాల్ ఎక్కడిది? కోడి తన లివర్‌లో తనే తయారు చేస్తోంది. కోడి బరువు ఒకటిన్నర కిలో. అంటే గుడ్డు పెట్టిన ప్రతి రోజూ కిలో బరువుకు సుమారు 130 మిల్లీగ్రాములు గుడ్డులోకే పంపిస్తోంది. 60 కిలోల మనిషి లెక్క చూస్తే, గ్రాము తయారైనా కిలోకు 17 దాటదు. కొలెస్ట్రాల్ తయారీ ఇంత జోరుగా సాగే ప్రాణి మీద పరీక్షిస్తే, మందు పనిచేస్తోందో లేదో కనపడకుండా ఉండదు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే చోటు ఇదే. గొప్ప పరికరం లేదు, కొత్త ఫండ్ లేదు. ఏ జంతువును అడగాలో తెలిసింది, అంతే.

కోళ్ల రక్తంలో కొలెస్ట్రాల్ దాదాపు సగానికి పడిపోయింది. కోళ్ల బరువు తగ్గలేదు, గుడ్లు పెట్టడమూ ఆగలేదు. తర్వాత కుక్కల మీద, కోతుల మీద చేశారు. అక్కడా తగ్గింది.

మరి ఎలుకల్లో ఏం జరిగింది? మందు షట్టర్ దించగానే ఎలుక లివర్ అదే ఎంజైమ్‌ను ఎన్నో రెట్లు ఎక్కువ తయారు చేసి లోటు పూడ్చేసింది. పైగా మామూలు ఎలుక రక్తంలో ఎల్‌డీఎల్, అంటే మనం చెడు కొలెస్ట్రాల్ అనేది, మొదటి నుంచే చాలా తక్కువ. తగ్గించడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు.

[స్క్రీన్ మీద: లివర్ కణం బొమ్మ.]

మనుషుల్లో ఈ మందు ఎల్‌డీఎల్‌ను ఎలా తగ్గిస్తుందో తేల్చడంలో అమెరికాలో డల్లాస్‌కు చెందిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌ల పని కీలకం. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే రోగుల కణాలను పరీక్షించి, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కునే ప్రోటీన్ ఒకటి కణాల పైన ఉంటుందని కనిపెట్టారు. దాన్ని ఎల్‌డీఎల్ రిసెప్టర్ అంటారు. ఆ రోగుల్లో అది లేదు, లేదంటే సరిగ్గా పనిచేయడం లేదు. 1985లో వీళ్లకు నోబెల్ వచ్చింది.

ఇప్పుడు రెండు పరిశోధనలూ కలిపి చూడండి. స్టాటిన్ వేసుకున్నారు. లివర్ కణంలో కొలెస్ట్రాల్ తయారీ తగ్గింది. కణానికి కొరత వచ్చింది. కొరత తీర్చుకోవడానికి కణం తన పైన రిసెప్టర్లను పెంచింది. అవి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాగేశాయి. రక్తంలో లెవెల్ పడిపోయింది. ఈ మందు అసలు బలం తయారీని ఆపడంలో కంటే ఈ రెండో అడుగులో ఉంది.

1978 ఫిబ్రవరిలో ఒసాకా యూనివర్సిటీ ఆసుపత్రిలో అకిరా యమమోతో అనే డాక్టర్ మొదటిసారి ఈ మందును ఒక రోగికి ఇచ్చాడు. ఆమెకు 18 ఏళ్లు. ఇందాక చెప్పిన పుట్టుక జబ్బే, అదీ తీవ్రమైన రూపంలో. మామూలుగా డెసిలీటర్ రక్తానికి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాల్సిన మొత్తం కొలెస్ట్రాల్ ఆమెకు వెయ్యి దాకా ఉండేది. మందుతో తగ్గింది, కానీ కండరాలు బలహీనపడ్డాయి. ఆపి, మోతాదు తగ్గించి, జాగ్రత్తగా మిగతా రోగులకు ఇస్తూ పోయారు. వాళ్లలో సుమారు 30 శాతం దాకా తగ్గింది.

ఇంతా జరిగాక ఎండో ఆ ఏడాది చివర్లో కంపెనీ వదిలేసి టోక్యోలో వ్యవసాయ, సాంకేతిక విద్యలు నేర్పే ఒక యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. 1980లో సాంక్యో కాంపాక్టిన్‌ను ఆపేసింది. కుక్కలకు చాలా ఎక్కువ మోతాదులో చాలాకాలం పెడితే పేగుల్లో క్యాన్సర్ లాంటిది కనిపించిందన్న అనుమానం కారణం. ఈలోపు సాంక్యో నుంచి సమాచారం, నమూనాలు తీసుకున్న అమెరికా కంపెనీ మెర్క్ ఇంకో బూజులోంచి దగ్గరి చుట్టం లాంటి పదార్థాన్ని తీసింది. అదే లోవాస్టాటిన్. కొత్త యూనివర్సిటీలో ఎండో కూడా ఎర్ర బియ్యపు బూజులోంచి విడిగా అదే పదార్థం తీశాడు! మెర్క్ కూడా భయపడి కొన్నేళ్లు ఆగి, మళ్లీ మొదలుపెట్టి, 1987లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. మార్కెట్లోకి వచ్చిన మొదటి స్టాటిన్ అది. ఎండో కాంపాక్టిన్ మందుగా ఎప్పుడూ అమ్ముడుపోలేదు. దాన్ని కొద్దిగా మార్చి చేసిన ప్రవాస్టాటిన్‌ను మాత్రం సాంక్యో 1989లో జపాన్‌లో తెచ్చింది.

కొలెస్ట్రాల్ తగ్గితే సరే, ప్రాణాలు నిలుస్తాయా? ఈ అనుమానం చాలామంది డాక్టర్లకే ఉండేది. అది 1994లో తీరింది. ఐరోపా ఉత్తర దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద సింవాస్టాటిన్‌తో చేసిన పరీక్షలో ఐదేళ్లకు పైగా గమనిస్తే, మందు తీసుకున్నవాళ్లలో మరణాలు 30 శాతం తక్కువ.

స్టాటిన్‌ల వ్యాపారం వేల కోట్ల డాలర్లు. రాయల్టీగా ఎండోకు వచ్చింది ఏమీ లేదు. 2006లో జపాన్ ప్రైజ్, 2008లో లాస్కర్ అవార్డు ఇచ్చారు. నోబెల్ ఇవ్వలేదు. ఇవ్వాల్సింది అని నా అభిప్రాయం. ఆయన దీని మీద పెద్దగా గొడవపడ్డట్టు కనిపించదు.

[దృశ్యం: మహబూబ్‌నగర్ బస్టాండ్ రద్దీ.]

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. ఆ 18 ఏళ్ల అమ్మాయి జబ్బు మనకెందుకంటారా? దాన్ని ఎఫ్‌హెచ్, అంటే ఫెమిలియల్ హైపర్‌కొలెస్టరొలీమియా అంటారు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక చెడ్డ జన్యువు వస్తే తేలిక రూపం. ఇది అంత అరుదు కాదు, 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. సన్నగా ఉంటారు, పొలం పని చేస్తారు, అయినా 40 ఏళ్లకే గుండెపోటు. "గట్టిగున్న మనిషి, ఎట్ల పోయిండో" అంటాం. ఇద్దరి నుంచీ చెడ్డ జన్యువు వస్తే తీవ్ర రూపం. పిల్లలకే గుండె జబ్బు వస్తుంది.

మేనరికం దగ్గర లెక్క మారుతుంది. ఒక అమ్మమ్మకు తేలిక రూపం ఉందనుకోండి. ఆమె కొడుక్కి అది వచ్చే అవకాశం రెండింట ఒకటి. ఆమె మనవరాలికి నాలుగింట ఒకటి. ఆ మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే ఇద్దరికీ ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. వాళ్ల బిడ్డకు తీవ్ర రూపం రావడం 32లో ఒకటి. అదే కొడుకు బయటి సంబంధం చేసుకుంటే? ఆ అమ్మాయికి ఉండే అవకాశం 250లో ఒకటి అనుకుంటే, బిడ్డకు ముప్పు 2,000లో ఒకటి. నేను మేనరికాలు చేసుకున్నవాళ్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మా చుట్టాల్లోనే ఎన్నో ఉన్నాయి. ఉన్న ఇళ్లలో పరీక్ష ముందే చేయించుకోవాలని చెప్తున్నాను.

దేన్ని చూసి అనుమానించాలి? ఇంట్లో మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 60 లోపు గుండెపోటు వచ్చి ఉంటే. మడమ వెనక తాడులా ఉండే టెండన్ లావెక్కి ఉంటే, వేళ్ల కణుపుల మీద, మోచేతుల మీద పసుపు రంగు బొడిపెలుంటే. పెద్దవాళ్లకు ఎల్‌డీఎల్ 190 దాటితే. చేయాల్సిన పరీక్ష లిపిడ్ ప్రొఫైల్, ఒక్కసారి రక్తం ఇస్తే చాలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు దవాఖానల్లో డాక్టర్‌ను అడగండి. ఒకరికి తేలితే అన్నదమ్ములకూ అక్కాచెల్లెళ్లకూ పిల్లలకూ చేయించాలి.

ఒక చిక్కు ఉంది. తీవ్ర రూపంలో రిసెప్టర్లే లేకపోతే స్టాటిన్ పెద్దగా పనిచేయదు. లేని రిసెప్టర్లను అది పెంచలేదు కదా. వాళ్లకు వేరే మందులు, రక్తాన్ని యంత్రంలో శుభ్రం చేసే పద్ధతులు ఉన్నాయి. వాళ్లకు పెద్ద ఆసుపత్రే దిక్కు.

[స్క్రీన్ మీద: కిందటి వీడియోకి వచ్చిన ప్రశ్నలు.]

"అన్నా, గోలి వేసుకుంటే కాళ్లు గుంజుతున్నయి, బంద్ చేయనా?" మీ అంతట మీరు బంద్ చేయొద్దు. కండరాల నొప్పి ఈ మందుతో కొంతమందికి వస్తుంది. డాక్టర్‌కు చెప్తే మోతాదు తగ్గిస్తారు, లేదా వేరే స్టాటిన్ ఇస్తారు. ఒసాకాలో మొదటి రోగికి చేసిందీ మోతాదు తగ్గించడమే. మూత్రం కోలా రంగులో వస్తుంటే మాత్రం అదే రోజు దవాఖానకు పోవాలి.

"మా కోడలు కడుపుతో ఉంది, ఆమెకూ ఈ గోలి రాసి ఉంది." వెంటనే డాక్టర్‌కు చెప్పండి. గర్భిణులకు మామూలుగా ఆపేస్తారు.

"బూజుతోనే చేస్తారంటే వెజిటేరియన్లు వాడొచ్చా?" బూజు మాంసం కాదండీ. ఇప్పుడు ఎక్కువగా రాసే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ అసలు బూజుల్లోంచి తీసేవే కావు, పూర్తిగా ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారు చేస్తారు. క్యాప్సూల్ పైపొర జిలటిన్ అయితే అది వేరే సంగతి, గోలి అడిగి తీసుకోండి.

"గుడ్డు తినొచ్చా?" చాలామందికి రోజుకు ఒకటి తింటే పెద్ద తేడా రాదు. ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా పెంచేది డాల్డా, పదే పదే కాచిన నూనె, వేట మాంసం కొవ్వు. షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు సొన ఎంత తినాలో డాక్టర్‌ను అడగండి.

ఎక్కువమంది అడిగింది ట్రైగ్లిజరైడ్ల గురించి, అంటే రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు. మనవాళ్లలో ఎల్‌డీఎల్ ఓ మోస్తరుగా ఉండి ట్రైగ్లిజరైడ్లు పెరిగి, హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్ అనేది, తగ్గి ఉండటం బాగా కనిపిస్తుంది. దానికి తెల్లన్నం, చక్కెర, కల్లు, మద్యంతో సంబంధం ఉంది. స్టాటిన్ ఒక్కటే చాలదు. అది వచ్చే వీడియోలో. మీ లిపిడ్ రిపోర్టులో ఏ అంకె అర్థం కాలేదో కింద రాయండి, పేరు, దవాఖాన పేరు కనపడకుండా.